లింఫోమా కణానికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి

(హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థినులు, రోగుల కుటుంబాల వారు కూర్చున్న సభలో ఒక పాథాలజిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక దాకా వినిపిస్తోందా? సరే.

చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిన వాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. పుండు పాదం మీద ఉంటుంది, నొప్పి మాత్రం గజ్జల్లో మొదలవుతుంది. ఇంట్లో అవ్వ చేయి పెట్టి చూసి "బిళ్ళ కట్టింది" అనేది. పుండు మానితే బిళ్ళ కూడా మెల్లగా కరిగిపోయేది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ బిళ్ళ గురించే. అది ఎందుకు కట్టింది, ఎందుకు కరిగింది, కొందరిలో మాత్రం ఎందుకు కరగకుండా పెరుగుతూనే పోతుంది. ఆ బిళ్ళలోని కణాలకు వచ్చే క్యాన్సర్‌నే లింఫోమా అంటారు.

ఆ బిళ్ళ పేరు లింఫ్ గ్రంథి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్ట లోపల అన్నీ కలిపి మన ఒంట్లో 500 నుంచి 600 దాకా ఉంటాయి. వాటిలో కాపురముండే తెల్లకణాల్లో ఒక రకం బీ కణాలు. యాంటీబాడీలు తయారుచేసేది వీటి సంతానమే. ఒక్కో బీ కణం తన ఒంటి మీద ఒకే ఆకారం ఉన్న రిసెప్టర్లను, పుస్తకాల్లో గ్రాహకాలు అంటారు, దాదాపు లక్ష దాకా మోస్తుంది. పక్క కణం మీద ఉండే ఆకారం వేరు. కాలి పుండులోంచి వచ్చిన సూక్ష్మజీవి ముక్క ఏ కణం రిసెప్టర్‌కు సరిగ్గా కుదిరితే ఆ కణానికి కబురు అందుతుంది. "నీ అవసరం పడింది, చావకు, రెండుగా చీలు" అని ఆ కబురు. ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు వేలై గ్రంథి ఉబ్బుతుంది. అదే బిళ్ళ కట్టడం. పుండు మానితే కబురు ఆగుతుంది, పనైపోయిన కణాల్లో చాలావరకు వాటంతటవే చచ్చిపోతాయి. కణం బుద్ధిగా చావడం ఒంటికి ఎంత మేలో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ కబురు లోపలికి ఎలా పోతుందో చూద్దాం. మనది చెరువుల జిల్లా కాబట్టి నాకు ఈ పని సులువు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు మీకు తెలిసినవే. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులో పడతాయి, అది నిండితే దాని కింది దానిలో. చివరికి ఆయకట్టు పచ్చబడుతుంది. బీ కణం లోపల ఉన్నది అచ్చం ఇలాంటి గొలుసే.

రిసెప్టర్ ఎగువ చెరువు. బయట ముక్కను పట్టుకునే చేతులు ఒక ప్రొటీన్‌వి. లోపలికి దిగిన కాళ్ళు వేరే రెండు ప్రొటీన్లవి, వాటి పేర్లు సీడీ79ఎ, సీడీ79బి. బయట ముక్క తగలగానే రిసెప్టర్లు ఒక చోట గుమిగూడతాయి. అప్పుడు లిన్ అనే ఎంజైము ఆ కాళ్ళకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు పడ్డ చోట సిక్ అనే మరో ఎంజైము వచ్చి కూర్చుంటుంది. సిక్ నిండితే బీటీకే, బీటీకే కింద పీఎల్‌సీ గామా 2, ఆ కింద కార్డ్11, బీసీఎల్10, మాల్ట్1 అనే మూడూ ఒకటిగా కలిసిన చెరువు. అది మత్తడి దూకితే ఎన్ఎఫ్ కప్పా బి అనే ప్రొటీన్ల జట్టు విడుదలై కేంద్రకంలోకి వెళ్తుంది. అదే మన ఆయకట్టు. చావును ఆపే జన్యువులు, చీలమనే జన్యువులు అక్కడ మొలకెత్తుతాయి. సిక్ దగ్గరే ఇంకో కాలువ చీలి పీఐ3కే అనే ఎంజైము వైపు పోతుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఈ పేర్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. పైనుంచి కిందికి నీళ్ళు పారుతున్నాయని మనసులో ఉంటే చాలు.

చెరువు దగ్గర నీరటి ఉంటాడు కదా, తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో తెలిసిన మనిషి. కణంలోనూ ఉన్నాడు. అందులో ఒకడి పేరు ఏ20. ఎన్ఎఫ్ కప్పా బి ఎక్కువైతే దానివల్లే ఏ20 తయారై, వెళ్ళి గొలుసును కట్టేస్తుంది. కొన్ని లింఫోమాల్లో ఈ ఏ20 జన్యువే చెడిపోయి లేదా ఊడిపోయి ఉంటుంది. నీరటి లేని చెరువు అన్నమాట.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక ప్రయోగం చెప్పాలి. 1997లో జర్మనీలోని కొలోన్‌లో క్లాస్ రాయెవ్‌స్కీ బృందం ఎలుకల్లో ఎదిగిన బీ కణాల మీది నుంచి ఈ రిసెప్టర్‌ను తీసేసింది. ఏ రోగమూ లేదు, ఏ సూక్ష్మజీవీ లేదు. కణాలు ఊరికే తిరుగుతున్నాయి. అయినా రిసెప్టర్ పోగానే అవి చచ్చిపోతూ వచ్చాయి. అంటే శత్రువు తగిలినప్పుడు వచ్చే వరద ఒక్కటే కాదు, ఏమీ తగలనప్పుడు కూడా రిసెప్టర్ నుంచి ఒక సన్నని ఊట లోపలికి దిగుతూ ఉంటుంది. ఎండాకాలం చెరువు కట్ట కింద తేమ ఉంటుంది చూడండి, అలాంటిది. ఆ తేమతోనే బీ కణం ప్రాణం నిలుపుకుంటుంది. 2009లో అదే బృందం ఆ ఊట పారేది పీఐ3కే కాలువ గుండా అని చూపింది.

ఈ మాట అర్థమైతే లింఫోమా సగం అర్థమైనట్టే. మన భయంలో క్యాన్సర్ కణం అంటే ఎవరి మాటా వినని రౌడీ. బీ కణ లింఫోమాల్లో చాలావాటి సంగతి అది కాదు. అది ఇంకా మాట వింటూనే ఉంది. బతకమనే కబురు ఆగకుండా వస్తోంది, అందుకే బతుకుతోంది. ఆ కబురు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడమే మా పని.

దీనికి ఒక గట్టి సాక్ష్యం చెప్తాను. ఎన్నో లింఫోమాల్లో క్రోమోజోములు తెగి అతుక్కోవడం వల్ల యాంటీబాడీ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైపోతుంది. ఫాలిక్యులర్ లింఫోమా అనే రకంలో 14వ క్రోమోజోము, 18వ క్రోమోజోము ముక్కలు మార్చుకుంటాయి. ఆ తెగిన చోటు సరిగ్గా యాంటీబాడీ జన్యువులోనే ఉంటుంది. అయినా రెండో ప్రతి భద్రంగా మిగిలి, రిసెప్టర్ కణం మీద నిలిచే ఉంటుంది. ఏది పనికిరాకపోతే అది పారేసుకునే క్యాన్సర్ కణం దీన్ని మాత్రం పారేసుకోవడం లేదంటే, దాని ప్రాణం అందులో ఉందని కదా అర్థం.

హాడ్కిన్ లింఫోమా దీనికి మినహాయింపు. 1832లో థామస్ హాడ్కిన్ రాసిన జబ్బు అది. అందులోని పెద్ద కణాలు తమ బీ రిసెప్టర్‌ను పోగొట్టుకుని కూడా బతుకుతాయి. ఎలా? కొందరిలో ఎప్‌స్టైన్ బార్ వైరస్ ఆ కణంలో చేరి తన సొంత ప్రొటీన్లను గోడలో నాటుతుంది. ఒకటి బీ రిసెప్టర్ లాగా, ఇంకొకటి సీడీ40 అనే వేరే రిసెప్టర్ లాగా నటిస్తుంది. ఎవరూ కబురు పంపకపోయినా అవే లోపలికి కబురు పంపుతుంటాయి. దొంగ తూము పెట్టి నీళ్ళు తోడుకున్నట్టు. చిన్న వైరస్ ఇంత పని చేస్తుందని మొదటిసారి చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కడుపు సంగతి. నా మాట నమ్మని వాళ్ళను కూడా నమ్మించే కథ ఇది. కడుపులో వచ్చే ఒక రకం లింఫోమాను మాల్ట్ లింఫోమా అంటారు. మెల్లగా పెరుగుతుంది. ఆ రోగుల్లో ఎక్కువమంది కడుపులో హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా ఉంటుంది, అల్సర్లు తెచ్చేదే. 1993లో లండన్‌లో పీటర్ ఐజాక్సన్ బృందం కొందరు రోగులకు కీమో ఇవ్వలేదు, ఆపరేషన్ చేయలేదు. ఆ బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ గోళీలు ఇచ్చింది. చాలామందిలో లింఫోమా కరిగిపోయింది! బాక్టీరియా ఉన్నంతకాలం అక్కడి టీ కణాలు అనే మరో రకం తెల్లకణాలు రెచ్చిపోయి పక్కనున్న బీ కణాలకు ఊతమిస్తుంటాయి. బాక్టీరియా చచ్చింది, ఊతం ఆగింది, లింఫోమా ఎండింది. కాలి పుండు మానితే గజ్జల్లో బిళ్ళ కరిగినట్టు. తొలి దశలో పట్టుకుంటే నూటికి 70 మందికి పైగా ఈ గోళీలతోనే తేరుకుంటారు.

మరి మిగతా వాళ్ళు? వాళ్ళలో కొందరి కణాల్లో 11వ క్రోమోజోము, 18వ క్రోమోజోము ముక్కలు అతుక్కుని ఉంటాయి. ఆ అతుకు వల్ల మాల్ట్1 చెరువు దానంతటదే పొంగుతుంది. అది గొలుసులో కింద ఉంది కదా. ఎగువన వాన ఆగినా దానికి పట్టింపు లేదు, దానిలోనే బోరు పడింది. వాళ్ళకు గోళీలు సాధారణంగా పనిచేయవు. పేరు ఒకటే, కడుపు ఒకటే, మైక్రోస్కోపులో రూపం కూడా ఒకటే. నీళ్ళు వచ్చే చోటు వేరు. ఇంతకంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మనం ఎక్కువగా చూసేది పెద్ద బీ కణాల లింఫోమా, రిపోర్టులో డీఎల్‌బీసీఎల్ అని ఉంటుంది. 2000లో తేలిందేమిటంటే అది ఒక జబ్బు కాదు, కనీసం రెండు. ఒకదాని పేరు ఏబీసీ రకం. 2010లో అమెరికాలో లూయిస్ స్టాట్ బృందం ఈ రకం కణాల్లో గొలుసులోని చెరువులను ఒక్కొక్కటే కట్టేసి చూసింది. సీడీ79 తీసేస్తే కణాలు చచ్చాయి. సిక్ తీసినా, బీటీకే తీసినా అంతే. ఈ కణాల మీద రిసెప్టర్లు ఎప్పుడూ గుంపులు గుంపులుగా ఉంటాయి. దాదాపు అయిదో వంతు రోగుల్లో సీడీ79బి కాళ్ళలోనే మార్పు కనిపించింది, రిసెప్టర్ గోడ మీది నుంచి దిగిపోకుండా చేసే మార్పు. ఎగువ చెరువు ఎప్పుడూ నిండే ఉంటుంది.

ఈ గొలుసును ఎక్కడో ఒక చోట కట్టేద్దాం అన్న ఆలోచనకు దారి చూపింది ఒక చిన్నపిల్లాడు. 1952లో అమెరికాలో ఓగ్డెన్ బ్రూటన్ అనే పిల్లల డాక్టరు దగ్గరికి ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి తెచ్చారు. మాటిమాటికీ న్యుమోనియా. రక్తం పరీక్షిస్తే యాంటీబాడీలే లేవు. 1993లో ఆ లోపం ఏ జన్యువులోదో దొరికింది, దానికి బ్రూటన్ పేరు పెట్టారు. మనం ఇందాక అనుకున్న బీటీకేలో 'బీ' ఆయన పేరే. ఆ ఎంజైము లేకుండా పుట్టిన మగపిల్లల రక్తంలో బీ కణాలు దాదాపు ఉండవు. మిగతా ఒళ్ళు మాత్రం మామూలుగానే ఉంటుంది. అప్పుడు జనానికి తట్టింది, చెడ్డ బీ కణంలో బీటీకేను ఆపితే? అలా వచ్చిన మందు ఇబ్రూటినిబ్. గోళీ రూపంలో ఉంటుంది. బీటీకేలో 481వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి వెళ్ళి అతుక్కుని మళ్ళీ ఊడదు. 2013 నవంబరులో అమెరికా అనుమతి వచ్చింది.

రోగుల ఇళ్ళవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక మాట ఆగి చెప్తాను. సీఎల్ఎల్ అనే, బీ కణాలకే వచ్చే ఒక రకం రక్త క్యాన్సర్ లాంటి జబ్బులో ఈ గోళీలు మొదలుపెట్టాక మెడలో గడ్డలు తగ్గుతాయి గానీ రక్త పరీక్షలో తెల్లకణాలు అమాంతం పెరుగుతాయి. ఇంట్లో ఒకటే టెన్షన్. "మందు పడలేదు" అని ఆపేసిన వాళ్ళను చూశాను. జరిగేది ఏమిటంటే, గ్రంథిలో కణాలను పట్టి ఉంచేవి కూడా కణం మీది వేరే రిసెప్టర్లే, వాటి కబురుకు కూడా బీటీకే కావాలి. అది ఆగేసరికి పట్టు సడలి కణాలు రక్తంలోకి కొట్టుకొస్తాయి. చెరువులోంచి చేప బయట పడ్డట్టు. గ్రంథిలో దొరికే ఊతం రక్తంలో దొరకదు కాబట్టి మెల్లగా తగ్గుతాయి, ఒక్కోసారి నెలలు పడుతుంది. దయచేసి మీ డాక్టరును అడగకుండా మందు ఆపకండి. గుండె దడ, ఎక్కడైనా రక్తం కారడం ఉంటే మాత్రం అదే రోజు చెప్పండి. అవి ఈ మందుతో వచ్చేవే.

(విద్యార్థి: మేడం, అట్లయితే లింఫోమా వచ్చిన అందరికీ ఇదే మందు ఇవ్వచ్చు కదా?)

మంచి ప్రశ్న నాన్నా. నువ్వే చెప్పు, కింద కార్డ్11 చెరువులో బోరు పడి ఉంటే పైన బీటీకే కట్ట వేసి ఏం లాభం? పెద్ద బీ కణాల లింఫోమా ఏబీసీ రకంలో కొందరికి కార్డ్11లోనే మార్పు ఉంటుంది. వాళ్ళ కణాలకు ఈ మందు అంటదు. కొందరిలో మందు మొదట బాగా పనిచేసి, తర్వాత ఆ 481వ సిస్టీన్ మారిపోయి సెరీన్ అవుతుంది. మందు అతుక్కునే కొక్కెమే పోయింది. 2019లో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది, మామూలు కీమోకు ఇబ్రూటినిబ్ కలిపి ఇచ్చి చూశారు. మొత్తం మీద లాభం కనపడలేదు. అరవై లోపు వాళ్ళకు మేలు కనపడింది, పైబడిన వాళ్ళు మందుల ధాటికి తట్టుకోలేకపోయారు. గొలుసు తెలిసినంత మాత్రాన సరిపోదు, ఎదురుగా ఉన్న మనిషి ఎంత మోయగలడో కూడా చూడాలి.

కణం మీద ఉన్నదాన్ని వాడుకునే ఇంకో దారి ఉంది. సీడీ20 అనే ప్రొటీన్ బీ కణాల మీద ఉంటుంది. దానికి అతుక్కునే యాంటీబాడీ రిటుక్సిమాబ్, 1997లో వచ్చింది. ఇది కాలువను కట్టేయదు, కణానికి గుర్తు పెడుతుంది. "ఇదిగో వీడు" అని మన రక్షణ కణాలకు చూపిస్తుంది. నాలుగు పాత మందుల కీమోకు దీన్ని కలిపాక పెద్ద బీ కణాల లింఫోమాలో సగానికి పైగా రోగులు పూర్తిగా నయమవుతున్నారు. 2007లో హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ దీనికి సమానమైన మందు తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. అది మా ఇంటి దాకా వచ్చింది కాబట్టి నాకు గుర్తు.

మా మేనమామ నర్సంపేట దగ్గర పత్తి, మిర్చి పండించేవాడు. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ. నొప్పి లేదు. సాయంత్రం జ్వరం, రాత్రి పక్కబట్టలు తడిసేంత చెమట, నాలుగు నెలల్లో చొక్కాలు వదులైపోయాయి. చూపించుకున్న చోట ముక్క తీయకుండానే టీబీ అన్నారు. నేను వాళ్ళను తిట్టను. మన దగ్గర టీబీ ఎక్కువ, లక్షణాలూ అవే. అయితే ఆరు నెలలు టీబీ గోళీలు మింగాడు, గడ్డ ఇంకా పెద్దదైంది. నేను అప్పుడు మెడిసిన్ చదువుతున్నాను. సెలవులకు వెళ్తే మంచం మీద కూర్చుని, "అన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా, ఈ బిళ్ళొక్కటే పోతలేదు" అన్నాడు. నేను చేయి పెట్టి చూశాను. రబ్బరు బంతిలా ఉంది. పుస్తకంలో అదే మాట చదివాను, అయినా నోరు తెరిచి అనలేకపోయాను. ఆ సెలవుల రెండు వారాలు ఈ రోజుకీ నన్ను వదలలేదు.

చివరికి గ్రంథి మొత్తం తీశారు. కొన్నాళ్ళకు ఆ గ్రంథిని పలచగా కోసి అంటించిన అద్దం పలకలు మా ప్రొఫెసర్ గారి గదిలో నేనే చూశాను. మామూలు రంగుల పలకలో నీలం చుక్కలు తప్ప ఏమీ కనపడవు, పెద్ద కణాలు, క్రమం లేదు. రెండోది సీడీ20 పరీక్ష పలక. ప్రతి కణం చుట్టూ గోధుమరంగు వలయం, టీ గ్లాసు పెట్టి తీసిన చోట మిగిలే మరకలా, లోపల ఖాళీ, అంచు మాత్రం గట్టిగా. ఒకటి కాదు, పలక అంతా. కణం ఒంటి మీద ఉన్న ప్రొటీన్‌ను నేను కళ్ళారా చూడటం అదే మొదటిసారి. ఆ వలయాలు ఉన్నాయి కాబట్టి ఆ మందు పనిచేస్తుందని ప్రొఫెసర్ గారు చెప్పారు. ఆరు విడతలు పట్టింది. మామ ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. పోయింది వేరే జబ్బుతో. నేను పాథాలజీ తీసుకున్నది ఆ పలక చూశాకే.

(ముందు వరసలో ఒక తల్లి: మేడం, మా బాబుకు చంకల గడ్డున్నది. సూదితోని తీసి చూసి ఏం లేదన్నరు. ఇంకా పెరుగుతనే ఉన్నది.)

ఎన్ని రోజులైందమ్మా? మూడు నెలలా. వయసు? పందొమ్మిది. జ్వరం వస్తోందా? లేదు. సరే.

సూది పరీక్ష తప్పు కాదు, మొదటి మెట్టు అది. సూదికి నాలుగు కణాలు వస్తాయి. అవి గ్రంథిలో ఎవరి పక్కన ఎవరున్నారో సూదికి రాదు. ఊరు మొత్తం చూడకుండా నలుగురిని బస్సెక్కించుకుని వచ్చి ఊరెట్లా ఉందో చెప్పమన్నట్టు. హాడ్కిన్ లాంటిదైతే పెద్ద కణాలు చాలా తక్కువ ఉంటాయి, సూదికి తప్పిపోవచ్చు. టీబీ కూడా అయి ఉండొచ్చు, మామూలు వాపూ అయి ఉండొచ్చు. పెరుగుతున్న గడ్డకు మాత్రం గ్రంథి మొత్తం తీసి ముక్క పరీక్ష చేయించాలి. తీసిన ముక్కను ఉప్పునీళ్ళలోనో ఖాళీ డబ్బాలోనో కాదు, వెంటనే ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో, వేయమని అడగండి. పరీక్షయ్యాక మైనం దిమ్మ ఇస్తారు, బ్లాకు అంటారు, దాన్ని పారేయకుండా దాచుకోండి. సీడీ20 అయినా ఇంకేదైనా, తర్వాత పదిసార్లు అవసరం పడినా అందులోంచే కోసి చూస్తాం.

ఆ సంచిలో ఉన్నవి రిపోర్టులేనా? ఇటు తీసుకురండమ్మా. బాబు వచ్చాడా? రమ్మనండి, ఇప్పుడే చూద్దాం.